బోర్డు కింద మూలన

కౌలాలంపూర్‌లో దిగిన రెండోరోజు పొద్దున. నది ఒడ్డున మనిషికి రెండింతల ఎత్తున్న గోడ, దాని నిండా ఎర్రగా పచ్చగా ఊదాగా ఉబ్బిపోయిన అక్షరాలు, ఒకదాని మీద ఒకటి పడిపోతూ, కంటికి ఆనినంత దూరం! నేనైతే ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయి కెమెరా నొక్కుతూనే ఉన్నాను. పక్కన మా మునిరత్నం మామ చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి, మొదటి ప్రశ్న అడిగాడు.

"ఇది ఏ పార్టీ గోడ పాపా?"

నాకు నవ్వాగలేదు. మామ మాత్రం నవ్వడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. మా పుంగనూరు వైపు రోడ్డు పక్కన గోడ కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు ముందే సున్నం కొట్టించి, మూలన 'ఈ గోడ 2009 వరకు' అని రాయించి పెట్టుకుంటారు. పార్టీవాళ్లు, సిమెంటువాళ్లు, విత్తనాలవాళ్లు. ఆ రాసేది సగంసార్లు మామే. అందుకే గోడ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, కింద మూలలన్నీ వంగి వంగి వెతికాడు.

"ఏ సంవత్సరం దాకా అని యాడా రాయలేదే!"

"పార్టీది కాదు మామా."

"సిమెంటా?"

"కాదు."

"మరి ఏం అమ్ముతాండారు?"

"ఏమీ అమ్మడం లేదు. అవి రాసినవాళ్ల పేర్లు."

మామ నా మొహం వైపు, గోడ వైపు, మళ్లీ నా మొహం వైపు చూశాడు. "పేరా? ఈ బోండా మాదిరి ఉబ్బిండేదంతా వాని పేరా? బోర్డు రాయకుండా కింద సంతకం ఒకటి రాసేసి పోయినారే నా కొడుకులు!"

అంటూనే గోడ దగ్గరికి పోయి బొటనవేలితో రుద్ది వాసన చూశాడు. "డబ్బాతో సిమ్మింది. కారు పెయింటు. కుంచె తగల్లేదు." ఇంకాస్త దగ్గరగా వంగాడు. "అయినా సెయ్యుండాది పాపా వీనికి. ఈ వొంపు సూడు, యాడా తడబడలేదు. ఎవుడో భయం లేనోడు."

ఆ మాట అన్నాక మామ ఆ ఉబ్బిన పేరు మీద వేలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకి గీసుకుంటూ పోయాడు. నేను గమనించాను కానీ అప్పుడు అర్థం కాలేదు.

అసలు మేం మలేషియా ఎందుకు వెళ్లామంటే, పెయింటు డబ్బాల్లో టోకెన్లు వస్తాయి కదా, మూత తెరవగానే పైన బిళ్ల ఉంటుంది, అది పెయింటరుకి. మామ టోకెన్లు మూడు సీసాల నిండా ఉండేవి. 2007లో కంపెనీవాళ్లు డ్రా తీస్తే మా జిల్లాలో పన్నెండు మందికి టూరు తగిలింది, ఒక్కొక్కరికి ఇద్దరి టికెట్లు! అందులో మామ ఒకడు. వసంతమ్మత్త రానంటే రానంది. "ఆ ఏరోప్లేన్లో కక్కసు యాడుంటాదో, నేనెట్ల పోతానో! ఆ బెంగుళూరు సదువులు సదివే పాపను పిల్సకపో, ఇంగిలీసన్నా మాట్లాడతాది" అని తన టికెట్ నాకిచ్చేసింది. అత్త ఎంత మంచిదంటే నేను ఆ రోజు ఆమె కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

నాకు అక్షరాల పిచ్చి. మాది మదనపల్లె, చదివిందంతా బెంగళూరు హాస్టల్లో. నా రూములో అందరూ సినిమావాళ్ల బొమ్మలు అంటించుకుంటే నేను పుంగనూరులో ట్రాక్టరు స్పేర్‌పార్టుల కొట్టు బోర్డు ఫొటో అంటించుకున్నాను. నాన్న కెమెరా కొన్నప్పటి నుంచి రెండేళ్లుగా ఎక్కడ మంచి అక్షరం కనిపించినా తీసి పెట్టుకునేదాన్ని. మదనపల్లెలో టమోటా మండీల పేర్లు, లారీల వెనక తలుపులు, కుప్పం స్టేషన్ రోడ్డులో తెలుగూ అరవం కన్నడం ఒకే బోర్డు మీద మూడు వరసలుగా రాసినవి. వాటిలో అన్నిటికంటే గొప్పవి మా మామవే. ఇది మేనకోడలు చెప్పే మాట కాదు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు! మూడు ఊళ్లలోనూ మంచి బోర్డు ఏది చూసినా కింద మూలన చిన్నగా 'రంగా ఆర్ట్స్, కుప్పం' అని ఉండేది. రంగా అంటే రంగనాథస్వామి అనుకున్నాను, మామ దేవుడి పేరు పెట్టుకున్నాడని. మరి కుప్పం ఎందుకు అని ఎన్నడూ అడగలేదు. రెండేళ్లు ఆ మూలలు ఫొటో తీశాను, ఒక్కసారి కూడా అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

అదే రోజు మధ్యాహ్నం అందరినీ చైనాటౌన్‌లో వదిలి, గంటన్నర టైమిచ్చారు. మదనపల్లె పెయింటు కొట్టు గంగులప్ప కూడా మాతో వచ్చాడు, నెత్తిన కొత్త టోపీతో. "ఏం మునిరత్నం, ఈడ గూడా గోడలు బుక్ సేస్తాండావా? రాప్పా, సెంటు బాటిళ్లు శానా అగ్గువంట!" అని పిలుస్తూనే ఉన్నాడు. మేం పోలేదు. ఎందుకంటే ఒక సందులో నల్లటి చెక్క మీద బంగారు రంగు అక్షరాలు చెక్కుతున్న పెద్దాయన కనిపించాడు.

ఆయన చెక్కుతున్నాడు, మామ చూస్తున్నాడు. అంతే. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు. ఉలి జరిగినప్పుడల్లా మామ మెడ దానితోపాటు జరుగుతోంది. పెద్దాయన కూతురికి ఇంగ్లీషు వచ్చు, నలభై ఏళ్లుంటాయేమో. ఆవిడా నేనూ అటూ ఇటూ చెప్పుకుంటూ ఉన్నాం. ఒక పాత బోర్డు చూపించి, పెద్ద అక్షరాలు కొట్టు పేరనీ, పక్కన చిన్న అక్షరాలూ ఎర్ర ముద్రా రాసినాయన పేరనీ చెప్పింది. ఆయన పోయి అరవై ఏళ్లయిందట. అయినా ఆ వీధిలో అందరికీ తెలుసట.

ఇది చెబితే మామ ఆ ఎర్ర ముద్రని వేలితో తాకబోయి, తాకకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మామ కూడా అక్షరాలు రాస్తాడని నేను ఆగలేక చెప్పేశాను. ఇంకేముంది, పెద్దాయన లేచి గోధుమరంగు కాగితం పరిచి, పొడుగు కుంచె, నల్ల సిరా ముందు పెట్టాడు. మామ చెమట తుడుచుకున్నాడు. కుంచె పట్టుకుని రెండుసార్లు గాలిలో తిప్పి చూశాడు, బరువు చూస్తున్నట్టు. తర్వాత 'పుంగనూరు' అని రాశాడు. మొదట అక్షరాల ఒళ్లన్నీ రాసి, తలకట్లూ కొమ్ములూ వదిలేసి, ఆఖర్న ఒక్క ఊపులో అవన్నీ టకటకా పెట్టుకుంటూ పోయాడు. అది మామ పద్ధతి. పెద్దాయన గట్టిగా ఏదో అన్నాడు. కూతురు నవ్వి, "మా నాన్న అడుగుతున్నాడు, ఇది అక్షరమా, ఆటా అని" అంది.

నా గుండె ఎంత పొంగిందో! కౌలాలంపూర్ సందులో పుంగనూరు పేరు, అదీ మా మామ చేత్తో!

అప్పుడు ఆవిడ కాగితం కింద మూల చూపించింది, పేరు రాయమని. మామ ఏమీ ఆలోచించకుండా, అలవాటు చొప్పున, చిన్నగా రాసేశాడు. 'రంగా ఆర్ట్స్, కుప్పం'.

"ఇదేనా ఆయన పేరు?" అని ఆవిడ అడిగింది.

"మామా, నీ పేరు అడుగుతోంది."

"రాసినా కదా."

"అది నీ పేరు కాదు కదా!"

మామ కాగితం వైపు చూస్తూ ఉండిపోయాడు. "మేస్త్రీ పేరు పాపా. నాది రాసుకోకూడదు."

హోటల్‌కి తిరిగివచ్చే బస్సులో కొంచెం కొంచెంగా చెప్పాడు. మామ పని నేర్చుకుంది కుప్పంలో రంగప్ప మేస్త్రీ దగ్గర, 1985లో. ఆ మేస్త్రీ శిష్యులకి ఒక కట్టుబాటు ఉంది. మేస్త్రీ తన నోటితో 'ఇంక నీ పేరు రాసుకో' అనేదాకా శిష్యుడు ఏ ఊళ్లో బోర్డు రాసినా కింద మేస్త్రీ పేరే ఉండాలి. మామ పెళ్లయ్యాక పుంగనూరు వచ్చేశాడు, సొంతంగా రాస్తున్నాడు, డబ్బులు తనవే, మేస్త్రీ ఒక్క పైసా అడగడు. పేరు మాత్రం ఆయనది.

"నువ్వు అడగలేదా?"

"తొంభై నాలుగులో అడిగితి. 'అక్షరం నీదయిన పొద్దు రాసుకో. ఇప్పుడు నువ్వు రాసేది నా అక్షరమే' అనె. నిజమే కదా అనుకుంటి. మళ్లా అడగలేదు."

"పదమూడేళ్లయింది మామా!"

"అయితే?"

"అయితే ఏంది మామా! పాల డైరీ గోడ సంగతి నీకు బాధగా లేదా?"

మామ కిటికీ వైపు తిరిగాడు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, తమాషాగా చెప్పుకుని నవ్వేవాళ్లం కూడా. పుంగనూరు బయట మదనపల్లె రోడ్డులో కొత్తగా పాల డైరీ కట్టారు. నూటఇరవై అడుగుల కాంపౌండు గోడ, దాని మీద ఆవుల బొమ్మలు, పెద్ద అక్షరాలు రాయించాలి. మామ ఊళ్లో అంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. డైరీ మేనేజరు ఊళ్లో మంచి బోర్డులన్నీ చూసి, కింద పేరు చూసి, బస్సెక్కి పలమనేరు మీదుగా కుప్పం పోయి, రంగప్ప మేస్త్రీకి పని అప్పజెప్పి వచ్చాడు. మేస్త్రీ మామకి ఫోన్ చేసి 'మీ ఊరోల్లేనప్పా, నువ్వే రాసేయ్' అన్నాడు. మామ ఇల్లు ఆ మేనేజరు ఇంటికి రెండు వీధుల అవతల! మలేషియా నుంచి రాగానే సోమవారం మొదలుపెట్టాలి. నూటఇరవై అడుగులూ మామ రాస్తాడు, కింద మూలన కుప్పం పేరు పడుతుంది, పది ఊళ్లవాళ్లు ఆ దారిన పోతూ 'కుప్పమోడు బలే రాసినాడే' అనుకుంటారు.

"బాధెందుకు? పని నాదే కదా" అన్నాడు మామ. తర్వాత చాలా మెల్లగా, నాకు కాదు, కిటికీకి చెప్పినట్టు, "ఆ గోడ కిందన్నా ఉంటే బాగుండు" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు జంట టవర్లూ కనిపించలేదు, సముద్రమూ కనిపించలేదు. ఇదొక్కటే బుర్రలో.

మామ అడగడు. నన్ను అడగనివ్వడు. మేస్త్రీకి ఒక చైనా కుంచె కొన్నాడు, ఇచ్చిరావడానికి శనివారం కుప్పం పోదాం అన్నాడు, నన్నూ రమ్మన్నాడు. కానీ ముందే షరతు పెట్టాడు. "ఆయప్ప కాడ పేరు మాట ఎత్తినావంటే సూడు, మీయమ్మకు సెప్పి ఆ కెమెరా గుంజుకోమంటా."

"ఎత్తను మామా. ఒట్టు."

ఒట్టు తప్పలేదు నేను. శుక్రవారం మదనపల్లె స్టూడియోలో నా ఫొటోలు ముప్పై ఒకటి కడిగించాను. కుప్పంలో మేస్త్రీ రాసినవి కొన్ని, పుంగనూరు మదనపల్లెల్లో మామ రాసినవి కొన్ని, కౌలాలంపూర్‌లో మామ రాసిన కాగితం ఒకటి. ఏది ఎవరిదో వెనక పెన్సిలుతో రాసుకుని, కత్తెరతో ప్రతి ఫొటోకీ కింద మూల కత్తిరించేశాను. కొట్టు పేరుంటుంది, రాసినవాడి పేరుండదు, బోర్డుల్లో ఊరు పేరు కూడా లేకుండా చూశాను. మేస్త్రీకి చూపిస్తే ఏది తనదో ఏది కాదో ఆయనే చెప్పాలి. తప్పు లేకుండా చెబితే మామ అక్షరం మామదైపోయినట్టే. ఆయన తికమకపడి మామది ఒక్కటైనా తనదే అన్నాడా, ఇంక అంతే సంగతులు, అక్షరం ఇంకా ఆయనదే అన్నట్టు. మామ మళ్లీ జన్మలో నోరెత్తడు.

రాత్రి వాటిని కలిపి పరిచి, ఏ కొట్టో గుర్తు రాకుండా ఒక్కో అక్షరమే కనిపించేట్టు మూసుకుని నన్ను నేను పరీక్ష చేసుకున్నాను. ముప్పై ఒకటిలో తొమ్మిది తప్పాను! రెండేళ్లుగా చూస్తున్నదాన్ని, నేనే! భయమేసింది. తీసుకుపోవద్దు అనుకున్నాను. మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.

కుప్పంలో రంగప్ప మేస్త్రీ ఇల్లు స్టేషన్ రోడ్డు వెనక. డెబ్బై దాటాయి ఆయనకి. మోకాళ్లు పనిచేయవు, కళ్లద్దాలు సోడాసీసా అడుగులంత మందం. భార్య ఈశ్వరమ్మవ్వ వసారాలో కూర్చుని రాగులు చెరుగుతోంది. మేం పోగానే చాట పక్కన పెట్టి, "వచ్చినావా నైనా! ఆ దేశంలో తిండి దొరికెనా? సగమైనావే" అని మామ బుగ్గలు పట్టుకుంది. మామకి నలభై మూడేళ్లు!

మేస్త్రీ చైనా కుంచెను అరచేతి మీద తిప్పితిప్పి చూశాడు. "మేక బొచ్చు. నీళ్ల రంగుకు పనికొస్తాది, ఎనామిల్‌కు రాదు" అన్నాడు. అని దాన్ని జేబులో పెట్టుకున్నాడు, ఇంక తీయలేదు.

ఇదే సమయం. నేను సంచి తెరిచాను. "తాతా, ఇవి మన పక్క బోర్డుల ఫొటోలు. నా ఆల్బంలో ఏది ఎవరు రాసిందో గుర్తు పెట్టుకోవాలి. కొన్ని మీవి, కొన్ని మామవి. వేరు చేసి ఇస్తారా?"

మామ నన్ను చూసిన చూపుకి అక్కడే మాడిపోవాలి నేను. కానీ పేరు మాట ఎత్తలేదు కదా!

"ఇదొక పనా" అంటూ మేస్త్రీ ఫొటోలు అందుకున్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, ఒక్కో ఫొటోని ముక్కుకి ఆనించుకున్నట్టు పెట్టుకుని చూస్తున్నాడు.

"ఇది నాది." కుడిపక్క పెట్టాడు. "నాది. ఇది వానిది." ఎడమపక్క. "వానిది. వానిది. నాది... తెల్ల రంగు పోయిందే, మళ్లా కొట్టించల్ల. ఇది వానిది."

వెనక పెన్సిలు గుర్తులు నేనొక్కదాన్నే చూడగలను, ఆయన ఫొటో ఎత్తినప్పుడల్లా వంగి చూస్తున్నాను. సరి. సరి. సరి. పద్నాలుగోది ఎత్తి ఆగిపోయాడు. తిప్పాడు, వెలుగుకి పెట్టాడు, దించాడు. మామ వసారా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఇంక అయిపోయింది అనుకున్నాను.

"ఇది ఎనభై ఎనిమిదిలో" అన్నాడు మేస్త్రీ. "పాత్రల కొట్టు. గీత గీసింది నేను, రంగు నింపింది వాడు. ఆపొద్దు ఎండకు వాడు నిచ్చెన మింద నుంచి పడె. గ్యాపకం ఉండాదేంరా?"

"ఉండాది మేస్త్రీ" అన్నాడు మామ.

దాన్ని రెండు కుప్పల మధ్యలో పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. ఆఖర్న మిగిలింది కౌలాలంపూర్ కాగితం ఫొటో. 'పుంగనూరు'. కావాలనే నేను అడుగున పెట్టాను. పరాయి కుంచె, పరాయి సిరా.

మేస్త్రీ ఒక్క క్షణం చూశాడు. "ఇది మన కుంచెతో రాసింది కాదు. యాడిదో. అయినా వానిదే, రాసింది ఏ ఊరి పేరయితే ఏమి" అని ఎడమపక్క పడేశాడు.

మధ్యలో పెట్టిందీ కలుపుకుని ముప్పై ఒకటికి ముప్పై ఒకటి! నేను ఆగలేకపోయాను. "ఎట్లా తెలుస్తుంది తాతా? నేను తొమ్మిది తప్పాను!"

"తెల్సకుండా ఎట్ల పోతాది? నా 'ర' సూడు, సంగటి ముద్ద మాదిరి గుండ్రంగా, పెట్టిన తావులో కూకోనుంటాది. వానిది సూడు. ఒక పక్కకు ఒరిగుంటాది, పాలక్యాను ఎత్తుకోని నడిసేవాని మాదిరి. సిన్నప్పుడు పాలు మోసినోడు కదా, సేతిలోకి అదే వచ్చింది. నేను ఎంత కొట్టినా పోలేదు. ఆ తలకట్లు గూడా అంతే, నేను నిదానంగా పెడతా, వాడు గింజలు సల్లినట్ల ఇసిరేస్తాడు. నాకూ వానికీ యాడ పోలిక?"

చాటలో రాగులు ఎగరడం ఆగిపోయింది. ఈశ్వరమ్మవ్వ తలెత్తింది.

"పోలిక లేదంటాండావు కదా. మరి వాడు నీ పేరు యాల రాస్తాండాడయ్యా?"

మామ నేల చూపులు చూస్తున్నాడు. మేస్త్రీ ఎడమపక్క కుప్పని దగ్గరికి లాక్కున్నాడు. మళ్లీ ఒక్కొక్కటీ చూశాడు, ఈసారి నిదానంగా. ట్రాక్టరు స్పేర్‌పార్టులు. మండీ. ఫ్యాన్సీ స్టోర్స్. పిండి మిషను.

"ఇవన్నీ నువ్వే రాస్తివా?"

"అవును మేస్త్రీ."

"తొంభై నాలుగులో నువ్వడిగినప్పుడు నేను సెప్పింది అబద్ధం కాదురా. ఆపొద్దు అది నా అక్షరమే. ఎప్పుడు మారిందో నేను సూల్లేదు." ఫొటోల అంచులు సరిచేశాడు. "సూసేకి పుంగనూరుకు నేనెప్పుడు వొస్తి? నువ్వు పిలవను గూడా పిలవకపోతివి."

"ఎట్ల పిలిసేది మేస్త్రీ, నువ్వు బాగలేదంటే?"

"బాగలేదంటే ఇంగోటి రాస్తావు. సచ్చిపోతావా?" అని కసిరాడు. తర్వాత గొంతు మారింది. "సోమవారం ఆ డైరీ గోడ మొదలుపెడతాండావు కదా. దాని కింద నీ పేరు రాసుకో. పేరు రాసే పొద్దు సెప్పు, నేనూ వొస్తా, సూడల్ల."

"మోకాళ్లు నొస్తాయని పెండ్లిండ్లకు గూడా రాకపోతివే ఇన్నేండ్లూ!" అంది అవ్వ.

"సుమ్నుండు, మాట్లాడద్దు. ఇది పెండ్లా? గోడ!"

మామ వంగి ఆయన కాళ్లకి దండం పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు ఫొటోల సంచి పలమనేరు దాకా తన ఒళ్లోనే పెట్టుకున్నాడు. పలమనేరు బస్టాండులో దిగి, నాకు రెండు మిరపకాయ బజ్జీల పొట్లాలు కొనిచ్చాడు. ఒకటి చాలు మామా అంటే వినలేదు.

గోడకి తొమ్మిది రోజులు పట్టింది. మా పుంగనూరు పొట్టి ఆవులు ఏడు, ఒకదాని వెనక ఒకటి నడిచిపోతున్నట్టు. వాటి పైన నాలుగడుగుల అక్షరాలు, నీలానికి తెల్ల అంచు. నేను బెంగళూరు పోవాల్సింది వాయిదా వేసుకుని రోజూ అక్కడే ఉన్నాను. బస్సుల్లో పోయేవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్లు, నాకైతే ప్రతి బస్సూ ఆపి, రాసింది మా మామే అని చెప్పాలనిపించేది!

తొమ్మిదోరోజు రంగప్ప మేస్త్రీ నిజంగానే వచ్చాడు, అద్దె కారులో, అవ్వతో సహా. రోడ్డుకి అవతల కుర్చీ వేయించుకుని, గొడుగు కింద కూర్చుని, గోడని ఈ చివర నుంచి ఆ చివరకి చదివాడు. బాగుందని అనలేదు. "ఆ మూడో ఆవు నన్నే సూస్తాండాది" అన్నాడు. మామకి అది చాలు.

ఇక కింద మూల మిగిలింది. మామ సుద్దముక్క పట్టుకుని గొంతుకూర్చున్నాడు. రాశాడు, తుడిచాడు. మళ్లీ రాశాడు, తుడిచాడు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లో అందరి పేర్లూ రాసినవాడు, తన పేరు ఒక్కసారి కూడా రాయలేదు. 'ము' పెద్దదైతే 'త్నం' ఇరుకైపోతోంది, 'త్నం' సరిపోతే 'ని' ఎగిరిపోతోంది.

"ఎంత సైజు పెట్టేది మేస్త్రీ?" అని రోడ్డు అవతలికి కేక వేశాడు.

"నీ పేరు సైజు నన్నడుగుతావేందిరా!"

వసంతమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది, కళ్లు మాత్రం తుడుచుకుంటోంది. ఆఖరికి మామ సుద్ద పక్కన పడేసి నేరుగా కుంచె తీసుకున్నాడు. 'మునిరత్నం ఆర్ట్స్, పుంగనూరు'. జానెడు పొడుగుంది. ఎర్ర రంగు. 'ర' కొంచెం పక్కకి ఒరిగింది.

అప్పుడే డైరీ మేనేజరు లోపల్నుంచి వచ్చి, గోడంతా మెచ్చుకుంటూ నడిచి, ఆ మూల దగ్గర ఆగిపోయాడు. "ఇదేంటి? మేం ఇచ్చింది కుప్పం రంగా ఆర్ట్స్‌కి కదా. ఈ మునిరత్నం ఎవరు?"

మేస్త్రీ కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "మీ ఇంటెనకాల రెండో ఈదిలో ఉండాడు సామీ. మీరే బస్సెక్కి ఎనభై కిలోమీటర్లు వొచ్చినారు."

చుట్టూ నిలబడినవాళ్లు గొల్లుమన్నారు. మేనేజరు కూడా నవ్వేశాడు. గోడ మీది పేరుని ఇంకోసారి చదివి, జేబులోంచి పెన్ను తీస్తూ, "అయితే ఫోన్ నెంబరు కూడా రాయండి. మా మదనపల్లె బ్రాంచి గోడ కూడా ఉంది" అన్నాడు.

మామ కుంచె రంగులో ముంచి, గోడకి ఆనించబోయి ఆగి, నా వైపు తిరిగాడు.

"నా నెంబరెంత పాపా?"

ఏ బోర్డు కిందా ఇన్నేళ్లు రాయాల్సిన పని పడలేదు మరి. నేను మామ పక్కన కూర్చుని, ఒక్కో అంకే చెప్పాను. మామ తలెత్తకుండా, ఒక్కో అంకే రాసుకుంటూ పోయాడు.